అరువు పిల్లకాయలు

1951 జనవరి 17, బుధవారం. ఆత్మకూరు.

ఈ నోటుబుక్కు మా అమ్మాయి కరుణ టీచరు ట్రైనింగు స్కూల్లో రాసుకోగా మిగిలినది. ఎవరికీ చూపించేది కాదు కనుక తప్పులున్నా సిగ్గు లేదు. నేను చదివింది మూడో క్లాసు. అయినా ఈ రోజు రాయకపోతే గుండె పగిలేటట్టుంది.

మిషన్ బడులు చూసే దొరసాని, మిస్సమ్మగారు మా ఇంటికి వచ్చారు! ముప్పయ్యేళ్లు మిషన్ వారి డేరాలు మోసి, పాతి, విప్పి, మడిచిన ఓబయ్య ఇంటికి! గడప దగ్గర తల వంచుకొని లోపలికి వచ్చి మా చాప మీద కూర్చున్నారు.

అమెరికా నుంచి ఇద్దరు కాలేజీ పిల్లలు ఓడ ఎక్కి వచ్చారట. ఒకడు రాల్ఫు, తాటిచెట్టంత పొడుగు. ఒకమ్మాయి బెట్టీ, కళ్లద్దాలు. జీతం లేదు, బత్తెం లేదు. మన పల్లెల్లో మిషన్ బడులు తిరిగి పిల్లకాయలకు పాటలు, బొమ్మలు నేర్పి, విరిగిన బల్లలు బాగుచేసి పోతారట. అటువంటి వాళ్లను వాలంటీర్లు అంటారట. వాళ్లతో తిరుగుతూ వాళ్ల ఇంగ్లీషు మనకూ, మన తెలుగు వాళ్లకూ చెప్పడానికి ఎవరు కావలసి వచ్చారు? నా కూతురు! దేవకరుణ! స్తోత్రం, స్తోత్రం.

"నేనూ వస్తానమ్మగారూ. డేరాలు ఎవరు వేస్తారు? నేనూ వాలంటీరునే" అన్నాను.

"నీవు వృద్ధుడవు కదా, ఓబయ్యా" అన్నారు. ఆమెది పుస్తకంలో తెలుగు. అరవై నాలుగు కూడా ఒక వయసా! చివరికి నవ్వి సరే అన్నారు.

తిరుపాలమ్మ పొయ్యి దగ్గర నుంచే అందుకుంది. "జీతమిచ్చినన్నాళ్లూ నడుం నొప్పి, మోకాలు నొప్పి అన్న మనిషి, ఉత్త పనికి ఎట్టా ఎగిరెగిరి పడతుండాడో చూడండమ్మా!"

నా పెళ్లాం మాటలు ఎప్పుడూ ఇంతే. మిస్సమ్మగారికి సగం అర్థం కాలేదు, మంచిదయింది.

ఇంకొక మాట కూడా చెప్పారు. మొత్తం తొమ్మిది బడులు చూస్తారు. ట్రైనింగు అయిన టీచరు మాత్రం ఒక్కతే, మా కరుణ. ఆమెను ఏ బడికి వెయ్యాలో అన్నీ చూసి మిస్సమ్మగారే నిర్ణయిస్తారట. ఆ తొమ్మిదిలో ఎర్రగుంటపాళెం ఉంది. నేను పుట్టిన పాళెం. ఇక్కడికి మూడు మైళ్లు. అమ్మాయి పొద్దున పోయి సాయంత్రానికి ఇంటికి వచ్చి అన్నం తినవచ్చు. నెల్లూరు హాస్టల్లో ఆరేళ్లుంది, ఇక చాలు.

నా కోసం ఆశపడటం లేదు. పాళెం పిల్లకాయల కోసమే.

జనవరి 18, గురువారం.

రెండుసార్లు పాళెం పోయి వచ్చాను. పని ఏమీ లేదు. ఊరికే.

జనవరి 20, శనివారం.

గురుస్వామితో మాట్లాడాను. పాళెం బడికి అతడే అయ్యవారు. ఐదో క్లాసు వరకు చదివాడు. నా ఈడువాడు, నాకంటే రెండు పళ్లు తక్కువ.

"దొరలు గురువారం పొద్దున పది గంటలకు వస్తుండారు, గురుస్వామీ."

"రానీ. పది గంటలకు బడిలో నేనుంటా, నా ముక్కుపొడుం కాయ ఉంటాది. ఇంకెవరుంటార్రా?"

నిజమే. మా పాళెం బడి తెల్లవారే ముందు ఒక గంట, దీపాలు పెట్టే వేళ ఒక గంట. మధ్యలో పిల్లకాయలంతా పెద్దింటి సుబ్బరత్నమ్మగారి మేకల వెంట పోతారు. ఆమె ఇచ్చే గింజలతోనే ఆ ఇళ్లల్లో కుండ పొయ్యెక్కుతుంది. మిస్సమ్మగారు వచ్చి రెండేళ్లే అయింది, ఈ సంగతి ఆమెకు తెలియదు. కాగితంలో మాత్రం అన్ని బడుల మాదిరే పది నుంచి నాలుగు వరకు అని ఉంటుంది.

"ఒక్కరోజు మేకల్ని కట్టెయ్యమని ఆమెని అడిగితే?"

"అమెరికా దొరలొచ్చినారని మేకలు ఉపవాసం చేస్తాయంట్రా?" అని నవ్వాడు. వాడికేం, నవ్వుతాడు. వాడికి కూతుళ్లు లేరు.

పిల్లకాయలు పదకొండు మంది. నాలుగు పలకలు. గోడలకు మసి. నిలబడలేక కూర్చున్నాను, కూర్చోలేక నిలబడ్డాను.

జనవరి 22, సోమవారం.

ఉపాయం తోచింది! ప్రభువే తోపించాడు.

పక్క ఊరు చెరువుకట్ట బడిలో మన శీనయ్య అయ్యవారు. పగటి బడి. నలభై మంది పిల్లకాయలు గలగల చదువుతారు. ఆ బడి ఈసారి దొరల టూరులో లేదు. ఇరవై మందిని గురువారం ఒక్కరోజుకు పంపించమని అడిగాను. శీనయ్య నీళ్లు నమిలాడు. "అట్టా పిల్లకాయల్ని కూడా అరువిస్తారంటయ్యా?" అన్నాడు.

నేను చెప్పాను. పెళ్లివారు వస్తుంటే పక్కింటి చెంబులు తెచ్చుకోమా? ఎదురింటి చాపలు తెచ్చుకోమా? మా ఇంట్లో రెండే చెంబులుండాయి, దోసిట్లో తాగండి అని ఎవరైనా అంటారా? ఇంటికి వచ్చినవాళ్ల ముందర ఉన్నదానికంటే రవంత బాగా కనపడటం మర్యాద. శీనయ్య తల ఊపాడు.

ముప్పయ్యేళ్ల టూర్లలో చూశాను. బాగున్న బడికే మెచ్చుకోలు, బాగున్న బడికే కొత్త పలకలు. బడి ఎంత బాగుంటే అంత మంచి టీచరును ఇస్తారు. ఇది ఎవరికైనా తెలిసిందే.

కరుణకు చెప్పలేదు. దానికి ఇంగ్లీషు పని చాలా ఉంది. పాపం, దాని బుర్రలో ఇవి కూడా ఎందుకు.

జనవరి 25, గురువారం.

ఎట్లా రాసేది! ఎక్కడ మొదలుపెట్టేది!

బడికి సున్నం కొట్టించాను. పేడతో అలికించాను. మామిడాకులు, బంతిపూలు. డప్పులు కూడా పెట్టించాను. బండి దిగుతూనే బెట్టీ అమ్మాయి రెండు చేతులు బుగ్గలకు ఆనించుకుంది. ఇరవై మందీ లేచి నిలబడి ఒకేసారి "నమస్కారమండీ" అన్నారు. నా కళ్లల్లో నీళ్లు. వాళ్లు మా పాళెం పిల్లకాయలే అనిపించింది, నిజంగా!

చదివారు చూడండి. తడుముకోకుండా. ఎక్కాలు పదహారు వరకు అప్పజెప్పారు. గురుస్వామి బెత్తం పట్టుకొని మధ్యలో నిలబడి, ఇదంతా తానే నేర్పినట్టు మీసం తిప్పాడు. రాల్ఫు నేల మీద కూర్చొని ఏనుగును గీశాడు. వాడి మోకాళ్లు వాడి చెవుల దగ్గరికి వచ్చాయి, పిల్లకాయలు పొర్లిపొర్లి నవ్వారు. నా కూతురు తెల్లచీర కట్టుకొని ఇద్దరు తెల్లవాళ్ల మధ్య నిలబడి రెండు భాషల్లో మాట్లాడుతోంది. డప్పులు కొట్టేవాళ్లు కూడా ఆపి చూశారు. "ఎవురి బిడ్డ?" అన్నాడొకడు. "నా బిడ్డరా" అన్నాను. మళ్లీ అడిగితే బాగుండుననిపించింది.

మిస్సమ్మగారు పుస్తకంలో చాలాసేపు రాసుకున్నారు. "బహు శ్రేష్ఠమైన పాఠశాల" అన్నారు. ఇక అయిపోయినట్టే! పాళెం మనదే, కరుణ మన ఇంట్లోనే!

మా పిల్లకాయల్ని పొద్దున్నే చెరువు అవతలికి పంపాము, మేకలతో. బండి పోయేదాకా రావద్దని చెప్పి బొరుగులు, బెల్లం ఇచ్చాను. సంతోషంగానే పోయారు.

జనవరి 26, శుక్రవారం.

కరుణ నాతో సరిగా మాట్లాడలేదు. ఎండకు తలనొప్పి అయి ఉంటుంది.

జనవరి 28, ఆదివారం. మర్రిపాడు మకాం.

తలనొప్పి కాదు.

ఆరాధన అయిన తర్వాత నేను డేరా తాళ్లు బిగిస్తుంటే వచ్చి పక్కన కూర్చుంది. మేకు ఒకటి తీసి చేతిలో తిప్పుతూ అడిగింది.

"నాయనా, మన పాళెంలో పిల్లకాయల కాళ్లు ఎట్టుంటాయి?"

"ఎట్టుంటాయేంది, కాళ్ల మాదిరే ఉంటాయి."

"తుమ్మముళ్లు గీసుకోని, ఎండిన నెత్తురు చారలతో ఉంటాయి. మేకలు కాసే కాళ్లు. మొన్న ఇరవై మందిని వరసగా కూర్చోబెట్టినాను. నలభై కాళ్లు. ఒక్క గీత లేదు. యాడి పిల్లకాయలు నాయనా వాళ్లు?"

తాడు బిగిస్తూనే ఉన్నాను. బిగించిందే బిగించాను.

"మన పిల్లకాయలు యాడుండారు ఆ రోజు?"

"మేకల కాడ. బొరుగులు పెట్టినాలే."

అది లేచింది. "మిస్సమ్మతో నువ్వే చెప్పాలి. నేను చెప్పను. నా నోటితో చెబితే అది చాడీ అయితాది" అన్నది.

చెబుతాను. చెప్పనని ఎవరన్నారు? ఉదయగిరి చేరిన తర్వాత తీరిగ్గా చెబుతాను. దారిలో ఇటువంటి మాటలు మంచివి కావు. ఎద్దులు కూడా అలిసిపోయి ఉన్నాయి.

జనవరి 30, మంగళవారం. ఉదయగిరి.

మిస్సమ్మగారికి తీరిక లేదు.

జనవరి 31, బుధవారం.

ఈ రోజు బండమీదపల్లె చూశాము. దుర్గం కొండ వెనుక. బండి పోదు. నాలుగు మైళ్లు రాళ్లల్లో నడక.

ఊరు బాగా లేదు. నీళ్లు చప్పగా ఉన్నాయి. తేళ్లు ఉన్నాయట. ఎలుగుబంట్లు దిగుతాయట. పోస్టు పదిహేను రోజులకు ఒకసారి. జ్వరం వస్తే డాక్టరు లేడు. నాకు ఒక్కటీ నచ్చలేదు.

బడి కప్పు పోయిన తుపానుకు కూలిపోయింది. అయ్యవారు వెళ్లిపోయి ఏడాది. ఎదురు రావడానికి ఎవరూ లేరు, డప్పుల సంగతి సరేసరి. మేము వస్తున్నట్టే వాళ్లకు తెలియదు. దేవకమ్మ అని ఒక ముసలామె, అక్షరం ముక్క రాదు, ఆరుగురు పిల్లకాయల్ని రోజూ ఆ గోడల మధ్య కూర్చోబెట్టి తనకు నోటికి వచ్చిన రెండు పాటలు పాడిస్తుంది. ఎందుకమ్మా అంటే, "బడికి కూర్చునే అలవాటు పోకుండా ఉంటాదని" అన్నది. "అయ్యవారు ఎప్పుడొచ్చినా పిల్లకాయలు సిద్ధంగా ఉండాల గదా."

పలకలు లేవు. కరుణ బొగ్గుముక్క తీసుకొని బండరాయి మీద అ, ఆ రాసింది. దుమ్ములో మఠం వేసుకొని కూర్చుంది, తెల్లచీర సంగతే మరిచిపోయింది. ఒక చిన్నపిల్ల దాని వీపు మీద ఎక్కి భుజం మీదుగా అక్షరాలు చూస్తోంది. నా కూతురు నవ్వింది. ఈ టూరు మొదలైన తర్వాత అది అట్లా నవ్వడం ఇప్పుడే చూశాను.

తిరిగి వస్తూ మూడుసార్లు వెనక్కి చూసింది. రాళ్ల దారి కదా, జాగ్రత్త కోసం చూసి ఉంటుంది.

ఫిబ్రవరి 3, శనివారం. ఉదయగిరి.

మిస్సమ్మగారు అందరినీ పిలిచి పుస్తకం తెరిచారు. నేను ఉతికిన చొక్కా వేసుకొని ముందు వరసలో నిలబడ్డాను.

"ఎర్రగుంటపాళెము బహు శ్రేష్ఠముగా నున్నది. గురుస్వామి ఒక్కడే ఇరువది మందికి అంత చక్కగా బోధించుచున్నాడు. అచ్చట ఇంకొక ఉపాధ్యాయురాలు అవసరము లేదు. అవసరము ఎక్కువగా నున్న చోటికి కరుణను పంపుచున్నాము. బండమీదపల్లె."

బాగున్న బడికి మంచి టీచరు కాదట. బాగాలేని బడికట! ముప్పయ్యేళ్లు డేరాలు మోశాను, ఈ ఒక్క ముక్క నాకు ఎవరూ చెప్పలేదు.

అన్నం తినలేదు. డేరా చుట్టూ ఎన్నిసార్లు తిరిగానో తెలియదు. మేకులన్నీ పీకి మళ్లీ కొట్టాను.

నా చేతులతో నేనే సున్నం కొట్టి నా కూతుర్ని కొండ ఎక్కించాను.

ఫిబ్రవరి 4, ఆదివారం.

చెప్పాను.

ఆరాధన తర్వాత అందరి ఎదుటా చెప్పాను. పాపం ఒప్పుకోవాలని, మనసు తేలిక కావాలని, అంతే. ఇంకో కారణం లేదు.

"అమ్మగారూ, ఆ పిల్లకాయలు మా పాళెంవాళ్లు కారు. చెరువుకట్ట నుంచి తెచ్చినాను."

మిస్సమ్మగారి ముఖం ఎర్రబడింది. "ఓబయ్యా! నీవు నన్ను ఏల మోసపుచ్చితివి?"

"మోసం కాదమ్మగారూ. మర్యాద."

రాల్ఫు, బెట్టీ అటూ ఇటూ చూస్తున్నారు. వాళ్లకు చెప్పేది ఎవరు? నా కూతురే. నేను ఒక్కొక్క మాట అంటుంటే అది ఒక్కొక్క మాటగా ఇంగ్లీషులోకి మార్చింది. నా తప్పు రెండు భాషల్లో వినాల్సి వచ్చింది. ఇంగ్లీషులో ఎక్కువ పొడుగ్గా ఉన్నట్టనిపించింది.

బెట్టీ అమ్మాయి ఏదో అడిగింది.

"నిజం పిల్లకాయలు యాడుండారని అడుగుతుండాది నాయనా" అన్నది కరుణ.

"చెరువు అవతల. మేకలతో."

"వాళ్లు ఏమన్నారని అడుగుతుండాది."

అది నేను ఈ పుస్తకంలో కూడా రాయలేదు. సంతోషంగా పోయారని రాశాను. పోలేదు. వెంగమ్మ అని తొమ్మిదేళ్ల పిల్ల, మా పినతండ్రి మనవరాలు, ఎంత తరిమినా కట్ట ఎక్కి నిలబడింది. తెల్లగా సున్నం కొట్టిన బడిని చూసింది. పక్క ఊరి పిల్లకాయలు లోపలికి పోవడం చూసింది. "తాతా, మన బడి ఇంత బాగుంటే మమ్మల్ని రావద్దంటావేంది?" అని అడిగింది. నేను దాని చేతిలో బెల్లం పెట్టాను. అది తినలేదు. చేతిలోనే పట్టుకొని పోయింది.

మా బడి పొద్దు పొడవక ముందు, పొద్దు గూకినాక జరిగే సంగతితో సహా ఇదంతా చెప్పాను. కరుణ ఇంగ్లీషులో మొదలుపెట్టి సగంలో ఆగిపోయింది. ముక్కు తుడుచుకొని అటు తిరిగింది. మిగతాది మిస్సమ్మగారే చెప్పారు.

మిస్సమ్మగారు మళ్లీ తెలుగులో అన్నారు. "నేనును పొద్దున పది గంటలకే పోయితిని. సాయంత్రము పోయి చూడలేదు. నా తప్పు కూడ కలదు." తర్వాత కరుణ వైపు తిరిగి, "ఇప్పుడు రెండు చోట్ల అవసరమున్నది. నీవే చెప్పుము" అన్నారు.

ప్రభువా, పాళెం అనిపించు, పాళెం అనిపించు.

"బండమీదపల్లె" అన్నది.

తర్వాత నా దగ్గరికి వచ్చింది. "మన పాళెంలో గురుస్వామి తాత ఉండాడు. నువ్వుండావు. అక్కడ ఆ అవ్వ తప్ప ఎవరూ లేరు నాయనా." ఆ పైన, మెల్లిగా, నాకు మాత్రమే వినపడేటట్టు: "ఒక మాట అడగతా. నువ్వు ఇప్పుడు తప్పు ఒప్పుకున్నావా, నన్ను అడుక్కున్నావా?"



ఫిబ్రవరి 5, సోమవారం.

రెండూ.

ఫిబ్రవరి 9, శుక్రవారం. ఆత్మకూరు.

ఇంటికి వచ్చాను. తిరుపాలమ్మ మొత్తం విన్నది. తిడుతుందనుకున్నాను. మజ్జిగ ఇచ్చి, "అరువు చెంబులు ఎవురివి వాళ్లకిచ్చేస్తే పని తీరిపోతాది. పిల్లకాయలకి ఏమిస్తావు?" అన్నది.

ఆ మాట పట్టుకొని అప్పటి నుంచి లోపల్లోపలే తిరుగుతున్నాను.

ఫిబ్రవరి 12, సోమవారం.

పెద్దింటికి పోయాను. వాకిట్లోనే నిలబడ్డాను. సుబ్బరత్నమ్మగారు అరుగు మీద కూర్చొని చింతపండు ఒలిపిస్తున్నారు. నా కంటే పదేళ్లు చిన్న. అయినా ఏరా అంటారు, అది వాళ్ల అలవాటు.

"ఏరా ఓబయ్యా, నీ దొరలు పోయినారా? డప్పుల మోతకి నా ఎనుము పాలు ఇయ్యకుండా ఎగేసింది."

"అమ్మగారూ, పాళెం పిల్లకాయలు పగలు బడికి రావాల."

"రానీ, నేను కాళ్లు కట్టేసినానా? మేకల్ని ఎవడు మేపుతాడు, మీ మిస్సమ్మా?"

"నేను మేపతా."

చింతపండు ఒలిచేవాళ్లంతా చేతులు ఆపారు.

"నువ్వా! చొక్కా గుండీలు పెట్టుకోని, కిర్రుచెప్పులేసుకోని! నిన్ను చూసి మేకలు దండం పెడతాయి."

"పొద్దున పది నుంచి నాలుగు దాకా. ముందూ వెనకా వాళ్లే చూసుకుంటారు. వాళ్ల గింజలు మటుకు వాళ్లకివ్వండి."

"నీకు?"

"నేను వాలంటీరునమ్మగారూ."

ఆ మాట ఆమెకు తెలియదు. "అదేం రోగంరా?" అన్నారు. చెప్పాను. "ఒక్క మేక తప్పిపోయినా నిన్ను ఆ గుంజకి కట్టేస్తా. పో" అన్నారు.

పొమ్మన్నారు! అంటే సరే అన్నట్టే! పరుగెత్తుకుంటూ పాళెం పోయాను. గురుస్వామి పొడుం పీల్చబోతూ నా మాట విని మొత్తం ఒలకబోసుకున్నాడు.

ఫిబ్రవరి 20, మంగళవారం.

మేక దెయ్యం. ఒకటి కాదు, నలభై మూడు దెయ్యాలు. ఒకటి చెట్టెక్కుతుంది, ఒకటి కట్ట దిగుతుంది, ఒకటి ఊరికే నిలబడి నా ముఖం చూస్తుంది. కాళ్ల నిండా ముళ్లు.

పదకొండులో తొమ్మిది మంది వచ్చారట. నేను చూడలేదు. నేను ఇక్కడున్నాను కదా.

మార్చి 1, గురువారం.

కరుణను ఉదయగిరి బస్సు ఎక్కించాను. ఒక ట్రంకుపెట్టె, ఒక చాప, ముప్పయి పలకలు. పలకలు రాల్ఫు కొన్నాడట. బస్సు కదిలేముందు నా కాళ్ల వైపు చూసింది. పంచె కిందికి లాక్కున్నాను. చూసేసింది.

కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి నా తల మీద పెట్టింది, నేనేదో దాని బిడ్డనైనట్టు.

మార్చి 2, శుక్రవారం.

మేకలు.

మార్చి 14, బుధవారం.

కొండ అటువైపు మబ్బు పట్టింది. అక్కడ బడికి కప్పు వేశారో లేదో. ఉత్తరం లేదు. పదిహేను రోజులకు ఒకసారి పోస్టు అని తెలుసు. తెలిసినా పోస్టాఫీసుకు పోయి అడిగాను. నిన్న కూడా అడిగాను.

మార్చి 25, ఆదివారం.

ఈస్టరు. నిన్న ఉత్తరం వచ్చింది! కప్పు వేశారు, రాల్ఫు స్వయంగా కొండెక్కి తాటాకు మోశాడట. పిల్లకాయలు ఆరుగురి నుంచి పధ్నాలుగు మంది అయ్యారు. దేవకమ్మ కూడా వచ్చి చివర కూర్చొని తన పేరు రాయడం నేర్చుకుంటోందట. తిరుపాలమ్మకు నాలుగుసార్లు చదివి వినిపించాను. ఐదోసారి, "నాకు నోటికొచ్చేసింది, ఇంక నేను చదివి వినిపిస్తా నీకు" అన్నది.

ఏప్రిల్ 6, శుక్రవారం.

ఈ రోజు సంగతి.

పదిన్నర ఉంటుంది. మేకలు చెరువు ఎగువన ఉన్నాయి. దుమ్ము లేచింది. చూస్తే మిస్సమ్మగారి బండి! పాళెం వైపు పోతోంది. పొడుగాటి తల ఒకటి బండిలోంచి పైకి కనిపిస్తోంది. ముందుగా ఒక్క మాట చెప్పలేదు, కబురు లేదు!

ప్రభువా, బడి అలికి ఎన్ని రోజులైంది? సున్నం అంతా పిల్లకాయల చేతి మరకలు. చిన్నవాడొకడు నిన్న ముక్కు కారుతూ వచ్చాడు. గురుస్వామి ఈ వేళకు కునుకుతాడు. పోయి లేపాలి. పిల్లకాయల ముఖాలు కడిగించాలి, ముందు వరసలో ఎవర్ని కూర్చోబెట్టాలో చెప్పాలి. అడ్డదారిన పరుగెత్తితే బండి కంటే ముందు చేరతాను. కర్ర కింద పడేశాను. నాలుగు అంగలు వేశాను కూడా.

మేకలు నలభై మూడూ తలెత్తి చూశాయి. నేను పోతే ఎవరు మేపుతారు? బడిలో ఉన్నవాళ్లే లేచి రావాలి.

కర్ర తీసుకున్నాను.

అంతసేపు నా జన్మలో ఎప్పుడూ ఒకచోట నిలబడలేదు. చెవులు అటే. ఏమీ వినపడలేదు. నవ్వినట్టు ఒకసారి వినపడింది, అది కూడా గాలేమో. తొమ్మిది మందే వచ్చారో, ఏడుగురే వచ్చారో. ఒక్కరూ చదవలేదేమో. కూర్చున్నాను, లేచాను, గడ్డి పీకాను, పీకిన గడ్డి మేకలకు పెట్టాను, అవి తినలేదు.

ఎండ నడినెత్తికి వచ్చిన తర్వాత కట్ట మీద తెల్లచీర కనిపించింది. నా కరుణ! బండిలో అది కూడా వచ్చిందని నాకేం తెలుసు! నల్లబడింది, చిక్కింది. కట్ట దిగి వచ్చింది. నేను ఎట్లున్నావని కూడా అడగలేదు.

"ఎట్టా చదివినారమ్మా?"

"చెడ్డగా చదివినారు నాయనా" అన్నది, నవ్వుతూ.

"మొత్తమా?"

"మొత్తం. ఎక్కాలు ఐదు దాటలేదు. ఒకడు మధ్యలో నిద్రపోయినాడు. గురుస్వామి తాత వాడికంటే ముందే నిద్రపోయినాడు. వెంగమ్మ మూడు మాటలు చదివి నాలుగో మాట కాడ ఆగిపోయింది. ఆగిపోయి ఏం చేసిందనుకున్నావు? పుస్తకం ఎత్తుకోని నేరుగా మిస్సమ్మ ఒళ్లో పెట్టి, 'ఇదేందో నువ్వు చెప్పు' అన్నది."

"మిస్సమ్మగారు ఏమన్నారు?"

"చెప్పింది. పక్కన కూర్చోబెట్టుకోని గంటసేపు చెప్పింది. మేము వచ్చింది కూడా మరిచిపోయింది. పదకొండు మంది నాయనా. ఎంచినాను. ఇరవై రెండు కాళ్లు."

నేను గట్టు మీద కూలబడ్డాను. చెడ్డగా చదివారట! మా పాళెం పిల్లకాయలు! పగలు, పది గంటలకు, సొంత బడిలో కూర్చొని, అమెరికా దొరల ఎదుట నదురూ బెదురూ లేకుండా చెడ్డగా చదివారట! ఇంత సంతోషం ఈ ముసలి ఒంట్లో ఎక్కడ పెట్టుకునేది? గట్టిగా అరిచాను. మేకలు బెదిరి చెల్లాచెదురయ్యాయి. నేనూ, నా కూతురూ వాటి వెంట పడ్డాము. ట్రైనింగు అయిన టీచరు చీర ఎగ్గట్టి కర్ర పట్టుకొని, "హెయ్, హెయ్" అంటూ.

ఆరు మేకలు సుబ్బరత్నమ్మగారి దోసతోటలో పడ్డాయి. ఆమె అరుగు దిగి వచ్చి తిట్టారు. మా తాత ముత్తాతల దాకా పోయారు. ఆమె తిడుతున్నంతసేపూ నవ్వు ఆగలేదు నాకు.

రేపు పొద్దున బస్సుకు అమ్మాయి మళ్లీ కొండకు పోతుంది. ఉండమని అడగలేదు.